ఏడాది తాళం తర్వాత హాకీ: 2005-06 ఎన్‌హెచ్‌ఎల్ సీజన్ ఎలా నడిచింది, దేనివల్ల నడిచింది

2005 అక్టోబర్ 5న ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లోని 30 జట్లూ ఒకే రాత్రి మంచు మీదికి దిగాయి. మొత్తం 15 మ్యాచ్‌లు. అంతకు ముందు ఆ లీగ్‌లో పాయింట్లకో కప్పుకో మ్యాచ్ జరిగింది 2004 జూన్ 7న, టాంపా బే లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ గెలిచిన రోజున. మధ్యలో ఒక సీజన్ పూర్తిగా, 1230 మ్యాచ్‌లు, జరగకుండానే పోయింది. జీతాల తగాదాతో ఒక సీజన్ మొత్తాన్ని పోగొట్టుకున్న పెద్ద ప్రొఫెషనల్ లీగ్ ఉత్తర అమెరికాలో అదే మొదటిది.

రాలీ-కేరీ వైపు, డాలస్‌లో, శాన్ హోసేలో, టొరంటోలో ఉండే తెలుగువాళ్లలో హాకీ చూడటం మొదలుపెట్టినవాళ్లు చాలామంది ఈ సీజన్ తర్వాత వచ్చినవాళ్లే. వాళ్లు చూస్తున్న ఆట రూపం ఈ సీజన్‌లోనే తయారైంది. దాని గురించి మామూలుగా వినపడే మాట ఒకటే: "శాలరీ క్యాప్ పెట్టారు, లీగ్ బాగుపడింది." క్యాప్ అంటే జట్టు మొత్తం జీతాలకు పెట్టే పరిమితి. ఆ మాట సగమే నిజం. క్యాప్ వల్ల యజమానుల ఖాతాలు బాగుపడ్డాయి. ఆటను బాగుచేసింది మాత్రం రిఫరీ విజిల్. ఈ రెండింటినీ కలిపేస్తే ఆ సీజన్ అర్థం కాదు.

ముందు తగాదా సంగతి. ఇది సమ్మె కాదు. పాత ఒప్పందం 2004 సెప్టెంబర్ 15తో ముగిసింది, మర్నాడే యజమానులు లాకౌట్ ప్రకటించారు, అంటే ఆటగాళ్లను వాళ్లే ఆడనివ్వలేదు. వాళ్ల చేతిలో ఉన్న ఆధారం లీగ్ రాయించిన ఆర్థర్ లెవిట్ నివేదిక: 2002-03లో లీగ్ 27.3 కోట్ల డాలర్లు నష్టపోయిందని, ఆదాయంలో సుమారు 75 శాతం ఆటగాళ్లకే పోతోందని అందులో రాశారు. ఆ లెక్కల్ని ఆటగాళ్ల సంఘం ఒప్పుకోలేదు. అయినా డిసెంబర్ 9న సంఘమే ముందుకొచ్చి, ఉన్న ఒప్పందాలన్నిటి మీదా 24 శాతం కోతకు సిద్ధమంది. కమిషనర్ గ్యారీ బెట్‌మన్‌కు అది చాలలేదు. ఆయనకు కావలసింది ఒక్కసారి కోత కాదు, ఆదాయంతో ముడిపడ్డ శాశ్వత పరిమితి.

2005 ఫిబ్రవరి వచ్చేసరికి సంఘం నాయకుడు బాబ్ గుడ్‌నౌ పరిమితి అన్న మాటకు కూడా దిగొచ్చాడు. ఇక మిగిలింది అంకె. లీగ్ జట్టుకు 4.25 కోట్ల డాలర్లంది, సంఘం 4.9 కోట్లంది. తేడా జట్టుకు 65 లక్షలు. అక్కడ ఆగిపోయి, ఫిబ్రవరి 16న సీజన్ రద్దయింది. జూలైలో కుదిరిన ఒప్పందంలో పరిమితి 3.9 కోట్లు. అంటే ఫిబ్రవరిలో కాదన్నదానికంటే తక్కువ, పైగా ఆ 24 శాతం కోత కూడా అలాగే ఉండిపోయింది. ఒప్పందం ఖాయమైన వారంలోపే గుడ్‌నౌ పదవి వదిలేశాడు. పోయిన ఏడాది జీతం ఎవరికీ తిరిగి రాలేదు. ఆటలో పెద్ద పేర్లైన మార్క్ మెస్సియే, రాన్ ఫ్రాన్సిస్, స్కాట్ స్టీవెన్స్, అల్ మకినిస్ 2005 సెప్టెంబర్‌లోనే రిటైరయ్యారు. నలభైకి అటూఇటూ ఉన్నవాళ్లకు ఏడాది విరామం తర్వాత మళ్లీ స్కేట్ కట్టడం తేలిక కాదు. లాకౌట్ అసలు ఖరీదు ఎవరి మీద పడిందో ఆ నాలుగు పేర్లు చెబుతాయి.

ఇక పరిమితి ఎలా పనిచేస్తుందో చూద్దాం. ఐపీఎల్ పర్సు తెలిసినవాళ్లకు ఇది దగ్గరగానే అనిపిస్తుంది కానీ అసలు కీలకం వేరేచోట ఉంది. 2005-06కి జట్టు జీతాల గరిష్ఠం 3.9 కోట్లు, కనిష్ఠం 2.15 కోట్లు. ఒక్క ఆటగాడికి గరిష్ఠంలో 20 శాతం మించి, అంటే 78 లక్షలు మించి ఇవ్వకూడదు. కనీస జీతం 4.5 లక్షలు. ఆటగాళ్లందరి వాటా కలిపి హాకీ సంబంధిత ఆదాయంలో 54 శాతం. ఆదాయం పెరిగేకొద్దీ అది మెట్లు మెట్లుగా 57 శాతం దాకా వెళ్లేలా ఆ ఒప్పందంలో రాసుకున్నారు.

ఇక్కడే చిక్కు. జీతాలు సీజన్‌కు ముందే ఖరారవుతాయి, ఆదాయమేమో సీజన్ ముగిశాక గానీ తేలదు. రెంటినీ కలపడానికి పెట్టిందే ఎస్క్రో. ప్రతి జీతం చెక్కులో కొంత శాతం పట్టి విడిగా ఉంచుతారు. ఏడాది చివర ఆడిట్ చేసి, మొత్తం జీతాలు ఆ వాటా దాటాయని తేలితే దాటినంత మేరకు ఆ సొమ్ములోంచి యజమానులకు పోతుంది. దాటకపోతే ఆటగాళ్లకు తిరిగొస్తుంది. 2005-06లో ఆదాయం అనుకున్నదానికంటే బాగా రావడంతో పట్టిన సొమ్ము ఆటగాళ్ల చేతికే తిరిగొచ్చింది. కానీ ఈ ఏర్పాటు అర్థం గమనించండి: ఒప్పందంలో రాసుకున్న జీతం ఇకమీదట అంచనా మాత్రమే. చేతికెంత వస్తుందో లీగ్ మొత్తం టిక్కెట్ల అమ్మకం చెబుతుంది. ఆటగాళ్లు ఆ లాకౌట్‌లో వదులుకున్నవాటిలో అన్నిటికంటే పెద్దది ఇదే అని నా అభిప్రాయం, 24 శాతం కోత కంటే కూడా.

జట్టు క్యాప్ ఖాతాలో ఎంత ఎక్కుతుందన్నది ఇంకో లెక్క. అనేక ఏళ్ల ఒప్పందమైతే మొత్తాన్ని ఏళ్లతో భాగించి సగటు పట్టుకుంటారు. మొదటి ఏడాది ఎంత ఇచ్చారు, చివరి ఏడాది ఎంత అన్నది పట్టదు. ఆ సగటును మళ్లీ రోజువారీగా లెక్కిస్తారు. ఏడాదికి 36 లక్షల ఆటగాడు మూడోవంతు సీజన్ మిగిలుండగా జట్టులోకొస్తే అతనికి 12 లక్షలే పడుతుంది. అందుకని అక్టోబర్‌లో కొంచెం ఖాళీ ఉంచుకున్న మేనేజర్ మార్చిలో పెద్ద పేరునే తెచ్చుకోగలడు. కరోలినా హరికేన్స్ జనవరి చివర డగ్ వెయిట్‌ను, మార్చిలో మార్క్ రెక్కీని తెచ్చుకున్నప్పుడు వాళ్ల ఏడాది జీతంలో మిగిలిన రోజుల భాగమే ఖాతాకెక్కింది.

లెక్క తప్పితే ఏమవుతుందో చూడాలంటే న్యూజెర్సీ డెవిల్స్‌ను చూడాలి. ఒప్పందంలో ఒక నిబంధన ఉంది: 35 ఏళ్లు నిండాక అనేక ఏళ్లకు సంతకం చేసిన ఆటగాడు మధ్యలో ఆడటం మానేసినా, కింది లీగ్‌కు పంపినా అతని సగటు జట్టు ఖాతాలోనే ఉంటుంది. వయసైనవాళ్లకు ఉత్తుత్తి ఏళ్లు కలిపి సగటు తగ్గించకుండా పెట్టిన అడ్డు అది. న్యూజెర్సీ 2005 వేసవిలో 36 ఏళ్ల అలెగ్జాండర్ మొగిల్నీకి రెండేళ్లకు 70 లక్షలు, దాదాపు అదే వయసున్న వ్లాదిమిర్ మలాఖోవ్‌కు రెండేళ్లకు 72 లక్షలు రాసిచ్చింది. డిసెంబర్‌లో మలాఖోవ్ జట్టు వదిలి వెళ్లిపోయాడు. జనవరిలో మొగిల్నీని కింది లీగ్‌కు పంపారు. ఇద్దరూ ఆడటం లేదు, ఇద్దరి బరువూ ఖాతా మీదే ఉంది. చివరికి 2006 అక్టోబర్‌లో మలాఖోవ్ ఒప్పందాన్ని వదిలించుకోవడానికి న్యూజెర్సీ డ్రాఫ్ట్‌లో, అంటే కొత్త కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే చోట, తన మొదటి రౌండు ఎంపికను శాన్ హోసేకి జత చేసి ఇవ్వాల్సొచ్చింది. ఆడని మనిషిని తీసుకుపొమ్మని ఒక భవిష్యత్తు ఆటగాణ్ని ఇచ్చుకోవడమన్నమాట. పాత పద్ధతిలో ఇలాంటి బేరం ఊహకే అందదు.

మొదటి వేసవికి మాత్రం ఒక తలుపు తెరిచారు. 2005 జూలై చివర వారంలో, మిగిలిన జీతంలో మూడింట రెండు వంతులు చెల్లించి ఏ ఆటగాణ్నైనా వదిలేయొచ్చు, అది క్యాప్‌లో లెక్కకు రాదు. ఒకటే షరతు, వదిలినవాణ్ని అదే జట్టు మళ్లీ తీసుకోకూడదు. అంతకు ముందు 7.5 కోట్లు దాటి ఖర్చుపెట్టిన డెట్రాయిట్ రెడ్ వింగ్స్ డెరియన్ హాచర్‌ను, డారెన్ మెకార్టీని, రే విట్నీని అలా వదిలేసింది. విట్నీని పట్టుకున్నది కరోలినా. మరుసటి జూన్‌లో స్టాన్లీ కప్ ఎత్తినవాళ్లలో అతనూ ఉన్నాడు.

క్యాప్ వల్ల జట్లన్నీ సమానమయ్యాయా? చిన్న ఊళ్లకు ఊపిరొచ్చిన మాట నిజం. ఎడ్మంటన్ ఆయిలర్స్ క్రిస్ ప్రాంగర్‌ను తెచ్చుకుని ఐదేళ్లకు 3.125 కోట్లకు సంతకం చేయించుకోగలగడం పాత రోజుల్లో జరిగే పని కాదు. కానీ జీతాలు సగానికి కోసేసిన డెట్రాయిటే ఆ సీజన్‌లో 124 పాయింట్లతో లీగ్ మొత్తానికీ మొదట నిలిచింది. ఆటగాళ్లను గుర్తుపట్టే కన్నుకు క్యాప్ లేదు.

ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో అందరూ కోరుకున్న కుర్రాడు సిడ్నీ క్రాస్బీ సంగతి కూడా ఇక్కడే. సీజనే జరగలేదు కాబట్టి, ముందు వంతు ఇవ్వడానికి పట్టికలో చివరి జట్టు ఎవరన్న ప్రశ్నే లేదు. అందుకని 30 జట్లకూ లాటరీ పెట్టారు. ప్రతి జట్టుకీ మూడు బంతులతో మొదలుపెట్టి, గత మూడు సీజన్లలో ప్లేఆఫ్‌కు వెళ్లిన ప్రతిసారికీ ఒకటి, గత నాలుగు డ్రాఫ్ట్‌లలో మొదటి ఎంపిక దక్కిన ప్రతిసారికీ ఒకటి తీసేశారు. ఎవరికైనా కనీసం ఒకటి మిగులుతుంది. మొత్తం 48 బంతులు. మూడు బంతులూ నిలుపుకున్నవి బఫెలో, కొలంబస్, న్యూయార్క్ రేంజర్స్, పిట్స్‌బర్గ్. అంటే వాటి అవకాశం 16లో 1 మాత్రమే. పిట్స్‌బర్గ్‌కు తగిలింది. ఆ ఎంపికతో వచ్చిన క్రాస్బీ 18 ఏళ్లకే 102 పాయింట్లు (గోల్స్, గోల్‌కు అందించిన పాస్‌లు అంటే అసిస్టులు కలిపి) కొట్టాడు, మూల జీతం 8.5 లక్షలు, కొత్తవాళ్లకు అనుమతించిన గరిష్ఠం అదే. అయినా జట్టు పట్టికలో 58 పాయింట్ల దగ్గరే ఆగిపోయింది.

ఇక మంచు మీదికి వద్దాం, నాకు ఎక్కువ చెప్పాలనిపించేది ఇక్కడే.

2003-04లో మ్యాచ్‌కు జట్టు సగటు 2.57 గోల్స్. లీగ్ మొత్తంలో 100 పాయింట్లు దాటినవాడు ఒక్కడూ లేడు. 94తో మార్టిన్ సాన్ లూయీ మొదటివాడు. గోల్స్‌లో 41తో ముగ్గురు సమానంగా నిలిచారు. కారణం ప్రతిభ లేక కాదు. మధ్య భాగంలో నలుగురైదుగురు గోడ కట్టి నిలబడటం, దాన్ని దాటబోయిన వేగగాడి నడుముకో మోచేతికో కర్ర తగిలించి లాగడం, ఇదే ఆట అయిపోయింది. హుకింగ్, హోల్డింగ్, ఇంటర్‌ఫియరెన్స్ అని పేర్లున్న ఈ లాగడాలూ అడ్డుకోవడాలూ అన్నీ రూల్ పుస్తకంలో తప్పులే. విజిల్ మాత్రం ఊదేవాళ్లు కాదు. 2002-03లో ఒకసారి గట్టిగా ఊదడం మొదలెట్టారు, కొన్ని నెలలకే అది సడలిపోయింది.

లాకౌట్ మధ్యలో, 2004 డిసెంబర్‌లో, అప్పటికింకా ఆడుతున్న బ్రెండన్ షనహన్ టొరంటోలో ఆటగాళ్లను, కోచ్‌లను, రిఫరీలను, టీవీ వాళ్లను కూర్చోబెట్టి ఆట గురించి మాట్లాడించాడు. పైన డబ్బు గురించి రెండు పక్షాలూ మాట్లాడుకోవడం మానేసిన రోజులవి. కొత్త నిబంధనల్లో చాలావాటికి ఆ సమావేశం దారి వేసింది. ఈ సీజన్ విషయంలో ఎవరికైనా చప్పట్లు కొట్టాలంటే నేను షనహన్‌కే కొడతాను.

మారినవేమిటో కొలతలతో చూద్దాం. రింక్, అంటే ఆడే మంచు మైదానం, పొడవు 200 అడుగులు, అది మారలేదు. గోల్ లైన్‌ను వెనక గోడవైపు రెండడుగులు జరిపారు, ఇదివరకు గోడకు 13 అడుగుల్లో ఉండేది, ఇప్పుడు 11. రింక్‌ను మూడు భాగాలు చేసే రెండు నీలి గీతల్నీ మధ్యకు రెండడుగులు జరిపారు. దాంతో దాడి చేసే భాగం 60 నుంచి 64 అడుగులైంది, మధ్య భాగం 54 నుంచి 50కి తగ్గింది. గోడ కట్టే చోటు చిన్నదైంది, గోల్ ముందు తిరిగే చోటు పెద్దదైంది.

రెండు గీతల పాస్‌ను అనుమతించారు. ఇదివరకు తన నీలి గీత వెనకనుంచి మధ్య ఎర్ర గీత అవతలికి పాస్ ఇస్తే ఆట ఆపేసేవారు. ఇప్పుడు ఒక్క పాస్‌తో అవతలి నీలి గీత దాకా పంపొచ్చు. అందరూ దీన్నే గొప్ప మార్పుగా చెప్పారు కానీ దీనికో నష్టం కూడా ఉంది: ఆ పొడుగు పాస్‌కు భయపడి వెనకాల ఇద్దరు డిఫెన్స్ ఆటగాళ్లు ఇంకా లోపలికి తగ్గిపోతారు, పాస్ కుదరనివాళ్లు పక్‌ను (ఆడే రబ్బరు బిళ్లను) ఊరికే ముందుకు కొట్టి పరిగెత్తుతారు. పైగా లాగడం ఆగకపోతే ఎంత పొడుగు పాస్ ఇచ్చినా అందుకునేవాణ్ని ఎవడో ఒకడు పట్టుకుంటాడు.

ఐసింగ్ చేసిన జట్టు, అంటే మధ్య గీతకు ఇవతలినుంచే పక్‌ను అవతలి గోల్ లైన్ దాటేలా కొట్టిన జట్టు, ఆటగాళ్లను మార్చుకోకూడదన్నారు. చిన్నదిగా కనిపించే ఈ మార్పు చాలా పదునైనది. అలసిపోయిన ఐదుగురు ఊపిరి పీల్చుకోవడానికి పక్‌ను అవతలి చివరకు కొట్టేవారు. ఇప్పుడు కొడితే అదే అలసిన కాళ్లతో సొంత గోల్ పక్కన, ఆటను మళ్లీ మొదలెట్టే ఫేస్‌ఆఫ్‌కు నిలబడాలి, ఎదుట తాజా ఐదుగురు.

గోలీ (గోల్‌కీపర్) కాళ్ల ప్యాడ్ వెడల్పు 12 అంగుళాల నుంచి 11కి తగ్గింది. గ్లవ్, బ్లాకర్, ఛాతీ కవచం, జెర్సీ అన్నీ కలిపి సుమారు 11 శాతం చిన్నవయ్యాయి. గోల్ వెనక ఒక ట్రాపిజాయిడ్ గీశారు, గోల్ లైన్ దగ్గర 18 అడుగులు, గోడ దగ్గర 28 అడుగులు. గోల్ లైన్ వెనక గోలీ పక్‌ను ఆ గీతల లోపలే ముట్టుకోవాలి, మూలల్లో ముట్టుకుంటే రెండు నిమిషాల శిక్ష. పక్ ఆడటంలో మూడో డిఫెన్స్ ఆటగాడిలా పనికొచ్చే న్యూజెర్సీ గోలీ మార్టిన్ బ్రోడర్‌ను కట్టేయడానికే ఇది పెట్టారని అందరూ అన్నారు. నాకు ఈ ఒక్క నిబంధన నచ్చదు. నేర్పున్నవాడి నేర్పును గీత గీసి ఆపడం ఆటకు మేలు కాదు. పైగా గోలీ బయటికి రాకపోతే మూలలోకి పరిగెత్తే డిఫెన్స్ ఆటగాడి వీపు మీద ఎదుటివాడు పూర్తి వేగంతో వచ్చి పడతాడు.

సొంత భాగంలోంచి పక్‌ను నేరుగా రింక్ చుట్టూ ఉండే అద్దం మీదుగా బయటికి కొడితే, కావాలని కొట్టినా పొరపాటున పోయినా, రెండు నిమిషాలు బయటే. ఇది ఎంత దూరం వెళ్తుందో జూన్ నెల చూపించింది, ఆ సంగతి ముందుంది.

వీటన్నిటికీ పైన విజిల్. కర్రతో ఒంటిని లాగినా, ఖాళీ చేత్తో పట్టుకున్నా, పక్ లేనివాణ్ని అడ్డుకున్నా తప్పే, మూడో పీరియడ్ చివర్లోనైనా, తేడా ఒక్క గోలైనా తప్పే అని రిఫరీలకు చెప్పారు. చెప్పడం పాత సంగతే, ఈసారి ఏప్రిల్ దాకా నిలబడ్డారు. మ్యాచ్‌కు ఒక్కో జట్టుకు పవర్ ప్లే (ఎదుటివాడు శిక్షలో ఉండగా ఒక మనిషి ఎక్కువతో ఆడటం) అవకాశాలు సగటున 4.24 నుంచి 5.85కి ఎగబాకాయి. గోల్స్ సగటు 2.57 నుంచి 3.08కి చేరింది. 100 పాయింట్లు అందుకున్నవాళ్లు సున్నా నుంచి ఏడుగురయ్యారు: జో థార్న్‌టన్, జారోమిర్ యాగర్, అలెగ్జాండర్ ఒవెచ్కిన్, డానీ హీట్లీ, డేనియల్ ఆల్ఫ్రెడ్‌సన్, క్రాస్బీ, ఎరిక్ స్టాల్. 50 గోల్స్ మార్కును ఐదుగురు అందుకున్నారు, 56తో జోనథన్ చీచూ పైన. అక్టోబర్, నవంబర్‌లలో మ్యాచ్‌లు శిక్షల ఊరేగింపులా ఉన్నాయని కోచ్‌లు గోల పెట్టారు. అది నిజమే. పాత అలవాటు కర్రలోంచి పోవడానికి ఆ మాత్రం సమయం పడుతుంది, ఆ బాధ భరించినందుకే జనవరికల్లా వేగం కనిపించింది.

చీచూ 56 గోల్స్ వెనక ఒక బేరముంది. ఆగస్టులో మూడేళ్లకు సంతకం చేయించుకున్న థార్న్‌టన్‌ను బోస్టన్ నవంబర్ 30న శాన్ హోసేకి ఇచ్చేసింది, బదులుగా మార్కో స్టర్మ్, బ్రాడ్ స్టువర్ట్, వేన్ ప్రిమో. థార్న్‌టన్ 29 గోల్స్, 96 అసిస్టులతో 125 పాయింట్లు చేసి లీగ్‌లో మొదట నిలిచాడు, అత్యంత విలువైన ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీ కూడా అతనిదే. ఒకే సీజన్‌లో రెండు జట్లకు ఆడి స్కోరింగ్ టైటిల్ గెలిచినవాడు అతనొక్కడే. లాగడం ఆగిన మంచు మీద పాస్ ఇచ్చే కన్ను ఎంత విలువైందో బోస్టన్ ఆలస్యంగా గ్రహించింది.

షూటౌట్ కూడా ఈ సీజన్‌తోనే వచ్చింది. డ్రా అన్నది లేకుండా పోయింది. ఆ సీజన్‌లో 60 నిమిషాలకు సమానమైతే నలుగురికి నలుగురుగా ఐదు నిమిషాల ఓవర్‌టైమ్, అదీ తేలకపోతే ముగ్గురేసి షూటర్లు, ఇంకా తేలకపోతే ఒక్కొక్కరుగా కొనసాగింపు. జట్టులో అందరి వంతూ అయ్యేదాకా ఎవరూ రెండోసారి కొట్టకూడదు. తొలి రాత్రే టొరంటోలో ఒటావా షూటౌట్‌లో గెలిచింది. మొదటి షూటౌట్ గోల్ ఆల్ఫ్రెడ్‌సన్‌ది. నవంబర్ 26న న్యూయార్క్‌లో రేంజర్స్, వాషింగ్టన్ 15 రౌండ్లు వెళ్లాయి. పెద్ద పేర్లన్నీ అయిపోయి డిఫెన్స్ ఆటగాడు మారెక్ మాలిక్ దాకా వస్తే, అతను కర్రను కాళ్ల మధ్యనుంచి వెనక్కి పెట్టి గోల్ కొట్టాడు. డాలస్ కుర్రాడు యుస్సీ యోకినెన్ 13 ప్రయత్నాల్లో 10 కొట్టాడు. మొత్తం 1230 మ్యాచ్‌లలో 145 షూటౌట్‌కు వెళ్లాయి.

దీనికి అంటుకున్న పాయింట్ల లెక్కలో ఒక లోపముంది, పట్టిక చదివేటప్పుడు జాగ్రత్త. గెలుపుకు 2, మామూలు ఓటమికి 0, ఓవర్‌టైమ్‌లో గానీ షూటౌట్‌లో గానీ ఓడితే 1. అంటే 60 నిమిషాల్లో తేలిన మ్యాచ్ మొత్తం 2 పాయింట్లు పంచుతుంది, తేలనిది 3 పంచుతుంది. సమానంగా ఉన్న మ్యాచ్‌లో చివరి పది నిమిషాలు ఇద్దరూ జాగ్రత్తగా ఆడటం ఇద్దరికీ లాభం. గెలుపు కోసం గోల్స్ పెంచే నిబంధనలు పెట్టి, చివర్లో వాటిని చల్లార్చే బహుమతి పెట్టారు. కరోలినా 52-22-8 (గెలుపులు, మామూలు ఓటములు, ఓవర్‌టైమ్ లేదా షూటౌట్ ఓటములు) అంటే 112 పాయింట్లు, ఓటములు 22 కాదు, 30. అంతర్జాతీయ సమాఖ్య వాడే 3-2-1-0 పద్ధతిలో (మామూలు గెలుపుకు 3, అదనపు ఆటలో గెలిస్తే 2, అక్కడ ఓడితే 1, మామూలు ఓటమికి 0) ఈ చిక్కు లేదు. ఎన్‌హెచ్‌ఎల్ ఆనాడే దాన్ని తీసుకోవాల్సింది.

ప్లేఆఫ్‌లలో షూటౌట్ ఉండదు, గోల్ పడేదాకా ఆడాల్సిందే. పశ్చిమంలో మొదటి రౌండులో నాలుగు సిరీస్‌లలోనూ కింది సీడే గెలిచింది. 124 పాయింట్ల డెట్రాయిట్‌ను 95 పాయింట్ల ఎడ్మంటన్ ఆరు మ్యాచ్‌లలో ఇంటికి పంపింది. యోకినెన్ షూటౌట్ చేతివాటం డాలస్‌ను కాపాడలేదు, కొలరాడో చేతిలో ఐదు మ్యాచ్‌లకే ముగిసింది.

తూర్పు ఫైనల్ ఏడో మ్యాచ్‌లో కరోలినా, బఫెలో 2-2 మీద మూడో పీరియడ్ ఆడుతున్నాయి. గాయాలతో, జబ్బుతో నలుగురు ప్రధాన డిఫెన్స్ ఆటగాళ్లు లేని బఫెలోలో బ్రయన్ క్యాంప్‌బెల్ కొట్టిన పక్ అద్దం దాటి బయట పడింది. కొత్త నిబంధన, తప్పనిసరి శిక్ష. ఆ పవర్ ప్లేలో కెప్టెన్ రాడ్ బ్రిండమోర్ గోల్ కొట్టాడు, కరోలినా 4-2తో ఫైనల్‌కు వెళ్లింది. పాత పుస్తకం ప్రకారమైతే అది ఆటలో మామూలు విరామం.

ఫైనల్ మొదటి మ్యాచ్‌లో ఎడ్మంటన్ 3-0 ఆధిక్యంలోంచి జారింది. చివరి నిమిషాల్లో గోలీ డ్వేన్ రోలోసన్ మోకాలికి దెబ్బ తగిలి బయటికెళ్లాడు. బదులొచ్చిన టై కాంక్లిన్ గోల్ వెనకకు వెళ్లి పక్ ఆడబోతే, తన డిఫెన్స్ ఆటగాడితో తడబాటు పడి అది బ్రిండమోర్ కర్ర దగ్గరికొచ్చింది. ఖాళీ గోల్, 5-4. ఐదో మ్యాచ్‌లో ఫెర్నాండో పిసానీ ఒక మనిషి తక్కువుండగా ఓవర్‌టైమ్‌లో గోల్ కొట్టి ఎడ్మంటన్‌ను బతికించాడు, ఫైనల్ చరిత్రలో అలాంటిది అదే మొదటిది. జూన్ 19న రాలీలో ఏడో మ్యాచ్ కరోలినాకు 3-1 గెలుపుతో ముగిసింది. గెలుపు గోల్ పవర్ ప్లేలోనే, ఫ్రాంటిషెక్ కబర్లేది. తొలి రౌండులో రెండో మ్యాచ్‌లో గోల్‌లోకి దిగిన కొత్త కుర్రాడు క్యామ్ వార్డ్ ప్లేఆఫ్‌ల ఉత్తమ ఆటగాడికిచ్చే కాన్ స్మైత్ ట్రోఫీ తీసుకున్నాడు.

జనం తిరిగొచ్చారా అంటే, స్టేడియాలకు వచ్చారు. 2.08 కోట్లకు పైగా జనం, మ్యాచ్‌కు సగటున 16,955, అప్పటికి రికార్డు. అమెరికా టీవీలో మాత్రం ఈఎస్‌పీఎన్ తప్పుకోవడంతో కేబుల్‌లో చాలామంది ఇళ్లకు తెలియని ఓఎల్ఎన్ ఛానెల్‌కు వెళ్లాల్సొచ్చింది. క్యాప్ మరుసటి ఏడాది 4.4 కోట్లు, ఆపైన 5.03, ఆపైన 5.67. సంఘం 4.9 అడిగి సీజన్ పోగొట్టుకుంది, మూడేళ్లు తిరక్కుండానే లీగ్ దాన్ని తానే దాటింది. సగటు లెక్కలోని సందు కూడా త్వరగానే దొరికింది: 2006 సెప్టెంబర్‌లో న్యూయార్క్ ఐలాండర్స్ గోలీ రిక్ డిపియెట్రోకి 15 ఏళ్లకు 6.75 కోట్లు రాసింది, ఏడాది సగటు 45 లక్షలే. అలాంటి పొడుగు ఒప్పందాలు 2012లో వచ్చిన తర్వాతి లాకౌట్‌కు ఒక కారణమయ్యాయి.

విజిల్ సంగతీ చెప్పాలి. 2006-07లో పవర్ ప్లే అవకాశాలు 4.85కి, 2007-08లో 4.28కి దిగాయి. అంటే దాదాపు లాకౌట్ ముందున్న చోటికే. కొంత ఆటగాళ్లు నేర్చుకోవడం వల్ల, కొంత రిఫరీల చేయి సడలడం వల్ల. గోల్స్ సగటు 2.95కి, తర్వాత 2.78కి పడిపోయింది. గీతలు అక్కడే ఉన్నాయి, ప్యాడ్లు 11 అంగుళాలే, రెండు గీతల పాస్ అనుమతే, క్యాప్ పెరుగుతూనే ఉంది. మారింది ఒక్కటే, ఊదడం.

పాత మ్యాచ్‌లు దొరికితే 2004 ఫైనల్‌లో ఒక పీరియడ్, 2006 తూర్పు ఫైనల్ ఏడో మ్యాచ్‌లో ఒక పీరియడ్ వరసగా చూడండి. పక్‌ను వదిలేసి, వెనకబడ్డ డిఫెన్స్ ఆటగాడి ఖాళీ చేయి ఎక్కడుందో, కర్ర బ్లేడు మంచు మీదుందా ఎదుటివాడి నడుం మీదుందా అన్నది మాత్రం గమనించండి. మొదటి పది నిమిషాల్లోనే తేడా పట్టుబడుతుంది.